కోడె మొక్కు, మూడు నెలల సూది

కరీంనగర్ ఆస్పత్రిలో డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. బాపును బయట బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళాను. మొదట నడుం నొప్పి అనుకున్నాం. తర్వాత రక్తం తీశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు, చివరికి ఎముకల స్కానింగ్ అన్నారు. ఇప్పుడు ఆ ఫిల్మును వెలుగుకు పెట్టి, వెన్నెముక వెంట వేలితో మెల్లగా కిందికి వస్తున్నాడు. దుక్కి దున్నిన చెలకలో కాకులు వాలినట్టు అక్కడక్కడా నల్లటి మచ్చలు.

"ప్రోస్టేట్ దాటి ఎముకల్లోకి పోయింది అమ్మా. ఇప్పుడు దాన్ని మొత్తం తీసేయలేం," అన్నాడు. "మగవాళ్ళ ఒంట్లో ఊరే హార్మోనే ఈ జబ్బుకు తిండి. ఆ తిండి ఆపితే జబ్బు కొంతకాలం పడుకుంటుంది. చావదు, పడుకుంటుంది."

ఆపడానికి రెండు దారులు ఉన్నాయి. బతికినంత కాలం మూడు నెలలకొక సూది, లేదంటే ఒక్కసారి చిన్న ఆపరేషన్. ఆపరేషన్‌లో ఏం తీస్తారో ఇంగ్లీషులో చెప్పి, తెలుగులో నాకు ఏ మాటతో చెప్పాలో తెలియక ఆయన ఆగిపోయాడు.

"తెలుసు సార్. చదివిన," అన్నాను.

నిజంగానే చదివాను. పదో తరగతితో బడి మాని కుట్టుమిషన్ ముందు కూర్చున్న దాన్ని, కానీ లక్సెట్టిపేట గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదు. పొద్దంతా జాకెట్లు కుట్టడం, సాయంత్రం అక్కడికి పోవడం. పేపర్లయ్యాక పుస్తకాలు, తెలుగు పుస్తకాలయ్యాక నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషువి. బాపుకు ముక్క పరీక్ష అన్న రోజే శరీరశాస్త్రం పుస్తకం, నర్సులు చదివే పుస్తకం తెచ్చుకొని మిషన్ బల్ల మీద పెట్టుకున్నాను. ఆ గ్రంథి ఎక్కడుంటుందో, ఆ హార్మోన్ ఎక్కడ పుడుతుందో, దాన్ని ఆపితే ఒంట్లో ఏమేం మారుతుందో బొమ్మ గీసి చెప్పగలను.

డాక్టరు మిగతాది చెప్పాడు. హార్మోన్ ఆపితే నీరసం వస్తుంది, ఒంట్లో ఆవిర్లు లేస్తాయి, ఎముకలు గుల్లబారుతాయి, మనసు దిగులు పడుతుంది. బాపు గుండె అసలే అంతంతమాత్రం, దానికీ మంచిది కాకపోవచ్చు. ఆపకపోతే నొప్పి పెరుగుతుంది. వెన్నులో నరం నొక్కుకుపోతే కాళ్ళు పడిపోతాయి. చేస్తే ఎంతకాలం పనిచేస్తుందంటే కొందరికి ఏళ్ళు, కొందరికి నెలలు.

"ఇంట్లో మాట్లాడుకొని వారం లోపల రండి. కాళ్ళు తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా మాత్రం ఆ రోజే తీసుకురావాలి," అన్నాడు.

పుస్తకాల్లో వృషణాలు అనే మాట ఎన్నోచోట్ల చదివాను. మా ఇంట్లో ఆ మాట లేదు. ఉన్న మాటలు కూతురు తండ్రి ముందు అనేవి కావు. తలుపు దగ్గరికి నడిచేలోపే నిశ్చయించుకున్నాను, బాపుకు 'ఎముకల సూది' అని చెప్పాలని.

బయట బెంచీ మీద బాపు పక్కన తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి కూర్చొని ఉన్నాడు. ఊళ్ళో బట్టల దుకాణం ఉందట. అప్పటికే ఇద్దరూ దోస్తులైపోయారు.

"అరే అన్నా, పరేషాన్ గాకు. సూదే గద. కడుపుల ఇస్తరు, చీమ కుట్టినట్టు అయితది, గంతే," అంటున్నాడు ఆయన. "అటెన్క జర గరం అయితది. చలికాలంల గూడ ఫ్యాన్ ఏసుకుంట నేను. మా బీబీ రెండు దుప్పట్లు గప్పుకొని నన్ను తిడ్తది."

"గంతేనా?" అన్నాడు బాపు.

"ఇంకోటి చెప్తె నవ్వుతవు." నేను వెనక నిలబడ్డది చూసుకోకుండా అంగీ మీంచి రొమ్ము పట్టుకొని చూపించాడు. "గిట్ల వచ్చినయ్. నానా, నువ్వు నానీ లెక్క అమ్మమ్మవు అయితున్నవా అని అడుగుతది మా మనుమరాలు. ఇదివరకు బీబీ సీరియల్ పెడితే లడాయి జేసెటోన్ని. ఇప్పుడు ఇద్దరం కూసొని ఏడుస్తం. ఆమె జర సేపటికి ఊకుంటది, నేను ఊకోను."

బాపు పకపకా నవ్వాడు. నవ్వి, నవ్వు తగ్గాక మెల్లగా అడిగాడు. "మరి నొప్పి పోయిందా?"

"పోయింది. అల్లా కసమ్, నిద్ర పడ్తుంది. అంతకుముందు గోడలు పట్టుకొని ఏడ్చిన."

తిరుగు బస్సులో బాపు కిటికీ పక్కన కూర్చున్నాడు. "ఏమన్నడు డాక్టరు?" అని అడిగాడు. "ఎముకలకు బలం సూది ఇస్తడట బాపూ," అన్నాను. "ఊఁ" అన్నాడు. గోదావరి వంతెన మీదికి బస్సు ఎక్కేసరికి ఎప్పటిలాగే నదిలో వేయడానికి రూపాయి బిళ్ళ చేతిలోకి తీసుకున్నాడు. వంతెన దాటినా ఆ పిడికిలి విప్పలేదు. బస్సు దిగి ఇంటికి వచ్చేదాకా ఆ బిళ్ళ ఆయన చేతిలోనే ఉంది.

బాపుకూ, అవ్వ అని పిలిచే మా అమ్మకూ నేను ఒక్కతే బిడ్డను. నన్ను అదే ఊళ్ళో, పక్క వాడకే ఇచ్చారు, అందుకని పొద్దున్నా రాత్రీ వాళ్ళింట్లోనే ఉంటాను. ఆ రాత్రి బువ్వ దగ్గర బాపు ముద్ద కలుపుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"కోడెను ఎద్దు జేసుడే గద బిడ్డా?"

అవ్వ చేతిలోని గరిటె గిన్నెలో అలాగే ఆగింది.

బాపు జీవితమంతా ఎడ్లతోనే గడిచింది. దున్నినన్ని రోజులు దున్ని, మిగిలిన రోజులు బండి కట్టేవాడు. మా కొట్టంలో పుట్టిన ప్రతి కోడెకూ వయసు రాగానే విత్తులు కొట్టించేవాడు. లేకపోతే అది కాడి కిందికి రాదు, కుమ్ముతుంది, తాళ్ళు తెంపుకుపోతుంది. నాకు బాగా గుర్తున్నది ఒక మచ్చల కోడె. పశువుల దవాఖానలో ఇనుప పట్కారుతో నొక్కించుకొని వచ్చారు. అది గోడ దిక్కు తిరిగి నిలబడి గడ్డి ముట్టలేదు. బాపు పక్కన కూర్చొని గంగడోలు నిమురుతూ బెల్లం ముక్క నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకుంది. కొన్నాళ్ళకు అదే వచ్చి తనంతట తాను కాడి కింద మెడ పెట్టింది. "ఇగ ఇది మనిషి మాట ఇంటది," అన్నాడు బాపు అప్పుడు. ఆ మాటలో గర్వం ఉందో, జాలి ఉందో చిన్నదాన్ని, నాకు తెలియలేదు.

"డాక్టరు బలం సూదని నాకు జెప్పుమన్నడా?" అని అడిగాడు బాపు.

"లేదు బాపూ. నేనే అన్న."

"మంచిది," అన్నాడు. కోపంగా అనలేదు. తిని, చేయి కడుక్కొని, మంచం మీద కూర్చొని, ఆలోచించి పెట్టుకున్నట్టుగా చెప్పాడు. "నొప్పికి ఓర్వ శాతగాదు. చేయించుకుంట. గాని ముందుగాల ఎములాడ పోయి రావాలె. నా చేత్తోని రాజన్నకు కోడెను కడుతనని మొక్కుకున్న. అటెన్క మీరేం జేస్తరో జేయుండ్రి."

మా నాయనమ్మకు చాలా కాలం పిల్లలు లేరు. కొడుకు పుడితే కోడెను కడతానని వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. బాపు పుట్టాక ఇంట్లో పుట్టిన లేగనే పెంచి, తోలుకుపోయి, గుడి చుట్టూ తిప్పి, అక్కడ కట్టేసి వచ్చారు. మా దిక్కు ఇది ప్రతి ఇంట్లో ఉన్న ముచ్చటే. కానీ బాపు దాన్ని ముచ్చటగా అనుకోలేదు. తన పాణానికి బదులు అక్కడొక కోడె నిలబడిందనే అనుకుంటూ బతికాడు. ఇప్పుడైతే ఎవరూ ఇంటి నుంచి తోలుకుపోనక్కరలేదు. అక్కడే టికెట్ తీసుకుంటే కోడెను ఇస్తారు, తాడు పట్టుకొని ఒక చుట్టు తిప్పి కట్టేస్తే మొక్కు చెల్లినట్టే.

"సూది ఇచ్చినంక పోదాం. నొప్పి తగ్గితె మంచిగ నడుస్తవ్," అన్నాను నేను.

"ఎద్దైనంక కోడెను కట్టద్దు."

"ఎవలు జెప్పిండ్రు గామాట?" అవ్వ అందుకుంది. "రాజన్న నీ చెవుల జెప్పిండా?"

"నాకొకలు జెప్పాల్నా? నాకెర్కలేదా?"

"ఎనభై ఏండ్లొచ్చినయ్, గంజి తాగ శాతనైతలేదు, ఇంకా కోడెనట!"

"నీ కంటికి నేనెన్నడు కోడె లెక్క కనవడ్డ? పెండ్లైన నాడే ముక్కుతాడేసినవ్."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుతూనే లేచి వంటింట్లోకి పోయింది. చాలాసేపు ఇవతలికి రాలేదు.

సోమవారం వేములవాడ, మంగళవారం కరీంనగర్ అనుకున్నాం. డాక్టరు పెట్టిన గడువు దాటదు, నాకూ అది సబబే అనిపించింది. ఆ నాలుగు రోజులూ మిషన్ తొక్కుతూనే తూకం వేశాను. సూది ఇస్తే నొప్పి పోతుంది, కానీ నేనెరిగిన బాపు కొంత పోతాడు. ఇవ్వకపోతే బాపు బాపుగానే ఉంటాడు, గోడలు పట్టుకొని ఏడుస్తూ. గుండె సంగతి ఒకటి మధ్యలో. సాయంత్రం గ్రంథాలయంలో పుస్తకాలకు తెలిసినంతా తెలుసుకున్నాను. అందులో ఏ పేజీ కూడా ఎటు మొగ్గాలో చెప్పలేదు. చదివే కొద్దీ రెండు వైపులా బరువు పెరిగింది, ముల్లు మాత్రం ఎటూ కదలలేదు.

ఆదివారం పొద్దున బెల్లంపల్లి నుంచి ఫోన్ వచ్చింది. బాపు పెదనాన్న కొడుకు, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనాయన, నిద్రలోనే పోయాడు. పాలోళ్ళల్లో చావు. దినాలు అయ్యేదాకా బాపుకూ అవ్వకూ మైల, గుడి మెట్లు ఎక్కకూడదు.

"గుడికి ముట్టుడు గాని దవాఖానకు లేదు గద బాపూ," అన్నాను. "రేపు సీద కరీంనగర్ పోదాం."

"మొక్కు తీరకుంట వద్దు."

"మరి నాకు ముట్టుడు లేదు. నేను ఆడిబిడ్డను, వేరే ఇంటిదాన్ని. నేను పోయి నీ పేరు మీద కోడెను కట్టొస్త."

"నువ్వు కడితె నీ మొక్కైతది బిడ్డా. నాదెట్లయితది?"

పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టాను. వెన్నెముక బొమ్మ చూపించి, నరం ఎక్కడ నొక్కుకుపోతుందో వేలు పెట్టి చెప్పాను. ఆలస్యమైతే కాళ్ళు మళ్ళీ రావని రాసిన వాక్యాన్ని తెలుగు చేసి చదివాను. బాపు శ్రద్ధగా విన్నాడు. నేను చదువుతుంటే వినడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టం. అంతా విని, "గిది రాసినాయనకు మొక్కులేమన్న ఉన్నయా?" అని అడిగాడు. వెటకారం కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

ఆస్పత్రికి ఫోన్ చేశాను. నర్సు "లేట్ చేయకండి" అంది. అవ్వను పట్టుకున్నాను. అవ్వ బాపు మీద అరిచింది, ఏడ్చింది, ఒకపూట బువ్వ మానేసింది. చివరికి తనే నా దగ్గరికి వచ్చి, "దినాలే గద బిడ్డా. నిండు ప్రాణంతోని మొక్కు తీర్చుకుంటనంటున్నడు. కాదంటె రేపు ఏమన్న అయితె, మొక్కు తీరకపాయె అని మనల్నే అంటడు," అంది. దినాలయ్యాక వచ్చే సోమవారానికి మళ్ళీ బస్సు అనుకున్నాం. బాపు నొప్పి గోళీలు మింగుతూ, కొట్టంలో ఎప్పటిదో పలుపుతాడు వెతికి తెచ్చి, దాన్ని నీళ్ళలో నానబెట్టి మెత్తగా చేసుకున్నాడు. అక్కడ తాడు వాళ్ళే ఇస్తారని చెప్పినా వినలేదు.

దినాల రోజు తెల్లవారుతుండగానే తలంటు స్నానాలు మొదలుపెట్టాం. నేను వాకిట్లో నీళ్ళ కాగు కింద మంట ఎగదోస్తున్నాను. బాపు అరుగు మీంచి అవ్వను కేకేశాడు.

"నా చెప్పులేవి?"

"ఏం గావాలె?"

"చెప్పులే. ఏడ వెట్టినవ్?"

నేను తల ఎత్తి చూశాను. చెప్పులు ఆయన కాళ్ళకే ఉన్నాయి.

బాపు కూడా నా చూపు వెంట కిందికి చూసుకున్నాడు. ఒక కాలు ఎత్తబోయాడు. అది కొద్దిగా కదిలి, మళ్ళీ నేల మీద పడింది, ఎవరిదో కాలులాగా. ఆయన స్తంభం పట్టుకొని అలాగే మెల్లగా జారి కూర్చున్నాడు. నాకు ఆ వాక్యం గుర్తొచ్చింది. పేజీ నంబరుతో సహా గుర్తొచ్చింది.

కారు మాట్లాడుకొని కరీంనగర్ పోయాం. డాక్టరు మమ్మల్ని ఏమీ అనలేదు. ఆయన తిడితే బాగుండేదని అవ్వ తర్వాత చాలాసార్లు అంది. వెన్నుకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలి, వాపు తగ్గే మందు ఎక్కించాలి అన్నాడు. సూది పని మొదలుపెట్టడానికి రోజులు పడతాయి, అంత వ్యవధి ఇప్పుడు లేదు, ఆపరేషన్ అయితే గంటల్లో హార్మోన్ పడిపోతుంది అన్నాడు. రెండు వారాలుగా నేను వేస్తున్న తూకం అట్లా ఒక నిమిషంలో అయిపోయింది.

స్ట్రెచర్ మీద బాపు కప్పుకేసి చూస్తున్నాడు. ఈసారి దాచకూడదని వంగి చెవి దగ్గర చెప్పాను. "బాపూ, సూది గాదట. ఆపరేషన్ జేస్తరట. గది తీసేస్తరు."

"ఎర్కే," అన్నాడు.

"నువ్వు ఊఁ అంటెనే జేస్తరు."

కప్పు మీంచి చూపు నా దిక్కు తిప్పాడు. "కాళ్ళు వస్తయా?"

"రావొచ్చు అన్నడు. రాకపోవచ్చు గూడ."

"ఊఁ," అని మొహం గోడ దిక్కు తిప్పుకున్నాడు.

ఇంటికి తీసుకొచ్చి ఇప్పటికి కొన్ని నెలలైంది. నొప్పి తగ్గింది, అది నిజం. రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు. కాళ్ళు రాలేదు. మూత్రానికి గొట్టం, కింద సంచి. ఒళ్ళు పుండ్లు పడకుండా నేనూ అవ్వా చెరోవైపు దుప్పటి పట్టుకొని ఒకసారి గోడ దిక్కు, ఒకసారి వాకిలి దిక్కు తిప్పుతాం. ఉన్నట్టుండి నుదురంతా చెమట పోస్తుంది, అంగీ విప్పమంటాడు, కాసేపటికి వణుకుతాడు. ఆ దుకాణం పెద్దమనిషి చెప్పినవన్నీ వరుసగా వచ్చాయి. ఆయన నవ్విస్తూ చెప్పాడు కాబట్టి అప్పుడు అవి ఇంత బరువుగా అనిపించలేదు.

నాకు అన్నిటికంటే భయం వేసేది ఇంకొకటి. బాపు ఇప్పుడు దేనికీ వద్దనడు. పప్పులో ఉప్పు తక్కువైతే గిన్నె తోసేసే మనిషి, పెట్టింది తింటాడు. తిప్పితే తిరుగుతాడు. తాగమంటే తాగుతాడు. "వీల్‌చైర్ల కూసోవెట్టుకొని ఎములాడ పోదామా, నువ్వు తాడు ముట్టుకుంటె సాలు," అని అవ్వ అడిగిన రోజు ఒక్కటే తల అడ్డంగా ఊపాడు. పలుపుతాడు ఇంకా దండెం మీదనే ఉంది. ఎండి మళ్ళీ గట్టిపడింది. అవ్వ దాన్ని తీయదు, నన్ను తీయనివ్వదు.

మొన్న రక్తపరీక్ష కాగితం తీసుకొని నేనొక్కదాన్నే కరీంనగర్ పోయాను. డాక్టరు చూసి, మొదటిసారి కొంచెం నవ్వాడు. జబ్బు అంకె బాగా పడిపోయిందట. చికిత్స మంచిగా పట్టిందన్నాడు. ఇంటికి వచ్చి, మంచం పక్కన కూర్చొని, ఆ మాటే బాపుకు చెప్పాను. పుస్తకంలో ఉన్నట్టే పనిచేస్తున్నదని చెప్పాను. ఎప్పటిలాగే శ్రద్ధగా విన్నాడు.

"మరి కాళ్ళు?" అన్నాడు.

నా దగ్గర దానికి జవాబు ఉంది. చాలా రోజుల నుంచే ఉంది. దినాలకు ముందే ఆయనకు చదివి వినిపించాను కూడా. చేతిలోని రక్తపరీక్ష కాగితాన్ని మడిచాను.

బాపే అన్నాడు. "కాళ్ళు పడిపోయిన ఎద్దును ఏంజేస్తరో నీకెర్కే గద బిడ్డా. అంగడికి తోల్తరు."

వంటింట్లోంచి అవ్వ గొంతు వచ్చింది. "తోల్దుము గని, నిన్నెవడు కొంటడు?"

బాపు నవ్వాడు. ఆపరేషన్ అయ్యాక ఆయన నవ్వడం నేను చూడలేదు. భుజాలు కదిలేలా నవ్వాడు, ఆ కదలడం ఆగలేదు, కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. అవ్వ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, "అయ్యో, నవ్వుటాలకన్న," అంది. నేను కొంగుతో తుడిచాను, మళ్ళీ కారాయి. ఊరుకొమ్మంటే ఊరుకోవాలనే చూశాడు, చాతకాలేదు.

అప్పటికి తిప్పే వేళయింది. అవ్వ అటు, నేను ఇటు దుప్పటి కొసలు పట్టుకొని గోడ దిక్కు తిప్పాం.